డబ్బాలు టెస్టు చేయడం కూడా ఇంజినీరింగేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ ఫైనలియర్. బెంగళూరులో టెలికాం పరికరాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఎంటీసీటీఈ అని, టెలికాం పరికరాలకు తప్పనిసరిగా చేసే పరీక్షలు, సర్టిఫికేషన్ పని అట. జీతం తక్కువే. నేను లక్షన్నర కట్టి వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. ఎవరో తయారుచేసిన డబ్బాలు టెస్టు చేస్తోందంటే చుట్టాలకు ఏం చెప్పుకోవాలి? ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ల్యాబ్ చూసి తెగ సంబరపడింది కానీ, చిన్నపిల్ల, దానికేం తెలుసు? రెండింట్లో ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందుగా చుట్టాల సంగతి చూద్దాం. మీ టెన్షన్‌లో సగం అదేనని తెలుస్తూనే ఉంది.

రూటర్ లాంటి టెలికాం పరికరాన్ని మన దేశంలో అమ్మాలంటే ముందు నిర్దేశించిన పరీక్షలు నెగ్గాలి. 2017లో ఇండియన్ టెలిగ్రాఫ్ రూల్స్‌ను సవరించి ఈ నిబంధన తెచ్చారు. 2019 అక్టోబరు 1 నుంచి దశలవారీగా అమలు చేస్తున్నారు. ఇక్కడ తయారుచేసినవాళ్లకీ, బయటి నుంచి దిగుమతి చేసుకున్నవాళ్లకీ ఒకటే రూలు. విదేశీ కంపెనీ అయితే ఇక్కడ అధీకృత ప్రతినిధిని పెట్టుకుని దరఖాస్తు చేయాలి. సర్టిఫికెట్ ఇచ్చేది టెలికాం శాఖ కింద ఉన్న టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్. దానికి ఆధారం ల్యాబ్ ఇచ్చే టెస్టు రిపోర్టు. ఆ రిపోర్టు వెనక ఉండేది మీ అమ్మాయి లాంటి ఇంజినీర్లే. చుట్టాలకు ఈ మాట చెప్పండి, చాలు.

ఇక పని విషయం. పరికరం నుంచి వెలువడే రేడియో తరంగాలు పక్క పరికరాలకు అడ్డం పడుతున్నాయా, పిడుగుపాటుకు తీగల వెంట ఒక్కసారిగా వచ్చే అధిక వోల్టేజీని (సర్జ్) తట్టుకుంటుందా, ముట్టుకుంటే షాక్ కొడుతుందా, ఇవన్నీ అక్కడ కొలుస్తారు. పరికరం పాసైన రోజు నేర్చుకునేది తక్కువ. ఫెయిలైన రోజున గ్రౌండింగ్‌లో లోపమా, పవర్ సప్లయిలోనా, కేబుల్ షీల్డింగ్‌లోనా అని కంపెనీ డిజైనర్ పక్కన కూర్చుని వెతకాలి. కాలేజీలో మార్కుల కోసం చదివిన ఎలక్ట్రోమాగ్నెటిక్స్ అక్కడ కళ్లెదుట కనిపిస్తుంది. ఇరవై ఒక్కేళ్ల ఇంజినీరు ఆ ల్యాబ్ చూసి సంబరపడితే మీకు చిన్నపిల్లలా కనిపించింది. నాకైతే తనకు నచ్చే పనేదో తనకు తెలిసిందనిపిస్తోంది. కోపం తెచ్చుకోకండి, ఆమె సొంతంగా తెచ్చుకున్న ఉద్యోగాన్ని మీరు కనీసం మెచ్చుకున్నట్టు కూడా లేదు.

వీఎల్‌ఎస్‌ఐ చెడ్డదని నేననను. చిప్ డిజైన్ గొప్ప రంగం. నా అనుమానమంతా ఆ కోర్సుల మీదే. ఈ మధ్య ఈసీఈ పిల్లల తల్లిదండ్రులు ఎవరు వచ్చినా ఇదే మాట. కొన్ని నెలల్లో వెరిలాగ్ (చిప్ సర్క్యూట్లను రాసే భాష), ఆ డిజైన్ సరిగ్గా ఉందో లేదో చూసే వెరిఫికేషన్ కాస్త నేర్పి, అందరి చేతా ఒకే రకం ప్రాజెక్టు చేయించి పంపుతున్నారు. ఇంటర్వ్యూలో మాత్రం డిజిటల్ డిజైన్ పునాదుల మీద ప్రశ్నలు పడతాయి. అవి గట్టిగా లేని పిల్లలను కోర్సు గట్టెక్కించడం నేను చూడలేదు. ప్లేస్‌మెంట్ అంటారు, రసీదు మీద చూస్తే ‘అసిస్టెన్స్’ అని ఉంటుంది. ఆ తేడా ఫీజు కట్టకముందే చదవాలి. పైగా చేతిలో ఉన్న ఉద్యోగం వదిలించి, అప్పో సప్పో చేసి చేర్పిస్తే, ఏడాది తర్వాత ఆ పిల్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఆలోచించారా? మన ఇళ్లలో ఫీజు లెక్క పిల్లలకు రోజూ వినిపిస్తుంది. మీరలా చేయరనుకుంటున్నాను.

సర్టిఫికేషన్‌లోనూ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. రూల్స్ మారుతుంటాయి. స్మార్ట్‌ఫోన్లు, స్మార్ట్ వాచీల మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నిబంధనలు ఎలాగూ ఉన్నాయని వాటిని ఎంటీసీటీఈ నుంచి తప్పించారు. కాబట్టి పోర్టల్‌లో ఫైళ్లు ఎక్కించడం మాత్రమే నేర్చుకుంటే ఆ ఒక్క స్కీమ్‌కే కట్టుబడిపోతుంది. కొలవడం నేర్చుకుంటే ఆ విద్య కార్లకు, వైద్య పరికరాలకు, రక్షణ రంగానికి కూడా పనికొస్తుంది. కంపెనీల్లో పరికరాలు నిబంధనలకు తగ్గట్టు ఉండేలా చూసే కంప్లయన్స్ ఇంజినీర్‌గా వెళ్లొచ్చు. ఆసక్తి ఉంటే సెక్యూరిటీ టెస్టింగ్ వైపు తిరగొచ్చు. దాన్ని చూసే నేషనల్ సెంటర్ ఫర్ కమ్యూనికేషన్ సెక్యూరిటీ బెంగళూరులోనే ఉంది. ఇంటికి దగ్గరగా రావాలనుకుంటే హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ వారి ఈటీడీసీ ల్యాబ్ ఉంది. దారులు మూసుకుపోవు, ధైర్యంగా ఉండండి. రెండేళ్లు పనిచేశాక కూడా చిప్ డిజైనే కావాలనిపిస్తే గేట్ రాసి ఎంటెక్‌కి వెళ్లొచ్చు.

చేరేముందు అమ్మాయి చేతే ఆ ల్యాబ్‌కు ఫోన్ చేయించండి. తనకు టెస్ట్ బెంచి మీద పనా, డాక్యుమెంట్ల పనా? ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ నుంచి ఈ ల్యాబ్‌కు ఏయే పరీక్షలకు గుర్తింపు ఉంది? బాండ్ రాయించుకుంటారా, ఎన్నేళ్లకు? డాక్యుమెంట్ల పని మాత్రమే అంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు నా సలహా వేరేగా ఉంటుంది. బెంచి పని అంటే మాత్రం కోర్సు ఫీజు పక్కన పెట్టి, బెంగళూరులో మంచి హాస్టల్ చూసి రండి.