రాత్రి ఎనిమిదింటికి పోతున్న డబ్బు

మధురవాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మేడమ్, మా పాపకి ఐదో నెల. మా వారు పరవాడ ఫార్మా సిటీలో చేస్తారు, చేతికి 44,000 వస్తుంది. నాది రుషికొండలో ఐటీ ఉద్యోగం, 31,000. ప్రసూతి సెలవు వచ్చే నెలతో అయిపోతుంది. వంట చేసే ఓపిక లేక అన్నీ ఆర్డర్లే, క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ పేరుకుపోయింది. సెలవులో పాత చీరలతో పాపకి బొంతలు కుట్టాను, చూసినవాళ్లు అమ్మమంటున్నారు. ఉద్యోగం మానేసి, 28,000 పెట్టి ఈఎంఐలో కుట్టుమిషన్ తీసుకుని ఇదే చేసుకుందామా అనుకుంటున్నాను. పాపని వదిలి వెళ్లబుద్ధి కావట్లేదు. ఏమంటారు?"

ముందు ఆ చివరి మాట గురించి. పాపని వదిలి వెళ్లబుద్ధి కాకపోవడం తప్పేమీ కాదమ్మా, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కానీ మీరు ఉద్యోగం మానడానికి కారణంగా బొంతల్ని చూపిస్తున్నారు, ఆ లెక్క మాత్రం నిలబడదు, అది చెప్పకపోతే మీకు నేను అన్యాయం చేసినట్టే.

మీరు రాసిందే తీసుకుందాం. ఒక్కో బొంతకి 14 గంటలు పడుతోంది, 900కి అమ్మగలరు, లోపలి గుడ్డ, దారం కలిపి 250 ఖర్చు. మిగిలేది 650, అంటే గంటకి 46 రూపాయలు. మీ జీతంలోంచి పాపని చూసుకునే మనిషికి 8,000, రానుపోను 2,000 తీసేసినా నెలకి 21,000 మిగులుతుంది. ఆ 21,000 బొంతల మీద రావాలంటే నెలకి 32 బొంతలు కుట్టాలి, 448 గంటలు, రోజుకి పదిహేను గంటలు. ఐదు నెలల పిల్లని ఒళ్లో పెట్టుకుని. పాపతో ఉండడానికే కదా మానేద్దామనుకున్నారు, ఇలాగైతే పక్కనే ఉండి కూడా పాప వైపు తలెత్తి చూసే టైమ్ ఉండదు.

అందుకని ఇప్పుడే రాజీనామా వద్దు. మీ ఆఫీసులో 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేస్తుంటే చట్టం ప్రకారం క్రెష్, అంటే పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. 2017లో ప్రసూతి సెలవుని 26 వారాలకి పెంచినప్పుడు వచ్చిన నిబంధనే ఇది. సెలవు అయిపోయాక, పని స్వభావం కుదిరితే, యాజమాన్యంతో మాట్లాడుకుని కొన్నాళ్లు ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా అందులోనే ఉంది. ఈ రెండూ అడుగుతూ ఈ వారమే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. నోటితో అడిగి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి. అదే మెయిల్‌లో పాప పేరు ఆఫీసు గ్రూప్ హెల్త్ పాలసీలో చేర్చారా లేదా అని కూడా అడగండి, పుట్టాక ఇన్ని రోజుల్లోపు చెప్పాలని గడువు పెడతారు, చాలామంది అది దాటబెట్టేసుకుంటారు.

ఇక అసలు డబ్బు ఎక్కడ పోతోందో చూద్దాం. మీరు పంపిన ఆర్డర్ల చిట్టా ఒక్కొక్కటీ చదివాను. నెలలో 38 ఆర్డర్లు, 11,400 రూపాయలు. అందులో 31 రాత్రి ఏడున్నరకీ తొమ్మిదికీ మధ్య పెట్టినవే. మీ వారి కంపెనీ బస్సు ఎనిమిదికి మధురవాడలో దింపుతుంది, పాప సరిగ్గా అప్పుడే ఏడుపు ఎత్తుకుంటుంది, ఇద్దరికీ ఆకలి. మీరు దుబారా మనుషులు కాదు, ఆ ఒక్క గంట మీ చేతిలో ఉండట్లేదు, అంతే. బడ్జెట్ యాప్‌లు అవీ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ గంట సంగతి చూడండి.

ఆ గంటకి పనికొచ్చేది మనం దగ్గర నిలబడక్కర్లేని వంట. నా మొదటి కాన్పు తర్వాత మా అమ్మ నన్ను గట్టెక్కించింది దిబ్బరొట్టితో. ఆదివారం ఒకటికి రెండు పాళ్లు మినప్పప్పు, ఇడ్లీ రవ్వ పిండి వేసి పెట్టుకోండి, రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు నుంచి దిబ్బరొట్టి. ఇనప మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి, రెండు వేళ్ల మందాన పిండి పోసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించేయండి. పావుగంట దాని జోలికి వెళ్లక్కర్లేదు, ఆ టైమ్‌లో పాపకి పాలివ్వొచ్చు. అంచులు ఎర్రబడి మూకుడిని వదిలి వచ్చాక తిరగేసి ఇంకో ఐదు నిమిషాలు. ఆవకాయతో ఒకరు, అనకాపల్లి బెల్లం పాకంతో ఒకరు. మిగతా రోజుల్లో సాయంత్రమే కుక్కర్‌లో ఒక గిన్నెలో పప్పు బీరకాయ, పైన గిన్నెలో బియ్యం పెట్టి దించేయండి, ఎనిమిదింటికి తాళింపు ఒక్కటే పని, అది మీ వారు పెడతారు. ఆయనకి రాకపోతే రెండు రోజుల్లో వచ్చేస్తుంది. చింతపండు గుజ్జు ఉప్పూ పసుపూ వేసి ఉడికించి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే వారమంతా చారుకీ పులిహోరకీ అదే. కందిపొడి సీసా ఒకటి ఎప్పుడూ ఉండాలి, అసలు ఓపిక లేని రోజు వేడన్నం, కందిపొడి, నెయ్యి. పాలిచ్చే తల్లి రాత్రి భోజనం మానకూడదు, అందుకే ఈ సంగతి ఇంత చెబుతున్నాను.

ఆర్డర్లు పూర్తిగా మానమనను. నెలకి 2,000 దానికి పక్కన పెట్టండి, పాపకి టీకా వేయించిన రోజు రాత్రి ఎవరు వండుతారు. సరుకులకీ కూరలకీ అదనంగా 2,400 వేసుకున్నా నెలకి 7,000 మిగులుతుంది. ఆ ఏడు వేలూ కార్డుకే కట్టండి. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకి 3.5 శాతం ఉంది, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఊరికే నెలకి దాదాపు 1,570 పోతోంది. కార్డు కొత్తగా గీయకుండా నెలకి 7,000 కడితే ఆరు నెలలు తిరిగేసరికి రెండు వేల లోపు మిగులుతుంది, ఏడో నెలలో అదీ తీరిపోతుంది. మినిమమ్ డ్యూ, అంటే కార్డువాళ్లు కనీసం ఇంత కట్టమనే మొత్తం, కడుతున్నాం కదా అనే ధైర్యం మాత్రం వద్దు.

ఆరు నెలలు నిండాక పాప తిండికి డబ్బాలు ఏవి కొనాలని కూడా అడిగారు. ఉగ్గు చేసుకోండి. కప్పు బియ్యం, అరకప్పు పెసరపప్పు కడిగి నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, రవ్వలా పట్టుకుంటే రెండు వారాలు వస్తుంది. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార వద్దు, తేనె అసలే వద్దు. మొదలుపెట్టే ముందు మీ పిల్లల డాక్టర్ని ఒక మాట అడగండి. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు, వెళ్లి పేరు రాయించుకోండి, అందులో మొహమాటం దేనికి.

పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా, అంటే ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు ఖాతా, మంచిదే. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర, 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకి డబ్బు చేతికొస్తుంది. వడ్డీ 2024 జనవరిలో 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. కానీ ఏడాదికి 42 శాతం వడ్డీ కార్డుకి కడుతూ ఎనిమిది శాతం కోసం దాచడం నష్టం. పాపకి పదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా తెరవొచ్చు, ముందు కార్డు తీరనివ్వండి. ఈలోగా మీ ఇద్దరి పేరా టర్మ్ ఇన్సూరెన్స్, అంటే గడువులోపు మనిషి పోతే ఇంటివాళ్లకి డబ్బిచ్చే బీమా, తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కూడా.

మళ్లీ మీ కుట్టు దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీరు పంపిన ఆ బొంత ఫొటో చాలాసేపు చూశాను. మీ అమ్మగారి నీలం నేతచీర, నాలుగు పొరలు, వరస తప్పని కుట్టు. అది అమ్మకండి. మిషన్ కూడా కొనకండి, బొబ్బిలిలో మీ అమ్మగారి కాలుమిషన్ మూలన ఉందని మీరే రాశారు, దానికి నూనె పోసి బెల్టు మార్పిస్తే చాలు. దాని మీద ముందు లంగోటాలు కుట్టండి. పాప ఖర్చు నెలకి 8,200లో డైపర్లకే 4,200 పోతోంది. పగలు గుడ్డ, రాత్రికీ బయటికీ డైపర్ అనుకుంటే రెండు వేలు మిగులుతుంది. వానాకాలంలో సముద్రపు గాలికి గుడ్డలు ఆరవు, ఆ నెలల్లో ఇంత మిగలదు, అదీ లెక్కలో పెట్టుకోండి. అయినా గంటకి 46 ఇచ్చే బొంత కంటే ఇది మేలు. ఆ రెండు వేలూ మీ పేరు మీద వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాది తర్వాత, బొంతలకి ఆర్డర్లు వాటంతట అవే వస్తుంటే, ఆ డబ్బుతోనే మంచి మిషన్ కొనుక్కోవచ్చు, అప్పు లేకుండా. అప్పుడు 900కి మాత్రం ఇవ్వకండి, గుడ్డ ఖర్చుతో పాటు మీ 14 గంటలకీ కూలి కట్టుకుని ధర చెప్పండి.

ఎనిమిది మూరల పాత పంచె ఒకటి అడ్డంగా రెండు, పొడవునా ఆరు చొప్పున కోస్తే పన్నెండు లంగోటాలు వస్తాయి. కొయ్యకముందే ఒకసారి వేడినీళ్లలో ఉడకబెట్టి ఆరేయండి, లేకపోతే కుట్టాక ఒక పక్కకి ముడుచుకుపోతాయి.