మందులు పనిచేసేదాకా పాప ఎక్కడుండాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. అక్కను జగిత్యాల దగ్గర ఊరికి ఇచ్చాం. బావ మస్కట్‌లో ఉంటాడు. ఐదు నెలల కింద బాబు పుట్టినప్పటి నుంచి అక్క సరిగా నిద్రపోదు, ఊరికే ఏడుస్తుంది. ఎనిమిదేళ్ల పాపను చిన్నదానికీ కొడుతోంది. పోయిన వారం గరిట కాల్చి వాత పెట్టింది. బడిలో టీచర్ చూసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తానంటున్నారు. అక్క జైలుకు పోతుందా? డాక్టర్‌కు చూపిస్తాం, కేసు వద్దని టీచర్‌ను బతిమాలుకోమంటారా?

జవాబు: బతిమాలొద్దు. ఫోన్ చేయనివ్వండి, వీలైతే మీరే చేయండి.

అక్కకు వైద్యం కావాలన్న మీ మాట సరైనదే. కాన్పు తర్వాత నెలల తరబడి నిద్ర లేకపోవడం, ఏడుపు, పట్టలేని కోపం డిప్రెషన్ లక్షణాలు కావచ్చు. కానీ ఆ మందులు గుణం చూపడానికే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తేరుకోవడానికి ఇంకా ఎక్కువ. అన్ని రోజులూ పాప ఎవరి దగ్గర ఉంటుంది? మీ ఉత్తరంలో ఈ ఆలోచనే కనిపించలేదు. చట్టంతో పని పడేది ఇందుకే.

కేసు కాదని నేను మాట ఇవ్వలేను. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లలను హింసిస్తే కన్నవాళ్లకైనా మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వాత పెట్టడం మనవైపు పాత అలవాటే, దాన్ని భయం చెప్పడం అంటారు. నేనలా అనను. అయితే 1098కి ఫోన్ చేయగానే అరెస్టు చేయరు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు విచారించి, అవసరమైతే పాపను, పిల్లల రక్షణపై నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరుస్తారు. సమితి పర్యవేక్షణ పెట్టి ఇంటికే పంపవచ్చు, తగిన బంధువులకు అప్పగించవచ్చు. బాలసదనం లాంటి చోటికి పంపడం ఆఖరి మార్గమని చట్టమే చెబుతోంది. అందుకే పాపను మేం చూసుకుంటామని మీరూ మీ అమ్మగారూ ముందే సమితికి చెప్పండి.

గాయాన్ని ప్రభుత్వాసుపత్రిలో చూపించి, ఎలా కాలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జారి పడ్డానని చెప్పమని పాపకు మాత్రం నేర్పకండి. తప్పు తనదే అనుకుంటూ ఉండవచ్చు, కాదని మీరే చెప్పాలి.

అక్కను వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. బిడ్డకు పాలిస్తోందని డాక్టర్‌కు తప్పక చెప్పాలి. పుట్టింటికి తెచ్చుకున్నా, ప్రస్తుతానికి పిల్లలిద్దరినీ ఆమె దగ్గర ఒంటరిగా వదలొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, చెవిలో మాటలు వినబడుతున్నాయన్నా, బాబు గురించి వింతగా మాట్లాడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా ఫోన్ చేయవచ్చు. మందుల చీటీలు దాచి ఉంచితే, వైద్యం సాగుతోందని సమితికి చూపించడానికి పనికొస్తాయి.

బావకు ఏదీ దాచకండి. డబ్బు పంపి, వీడియో కాల్‌లో "పిల్లలను సరిగా చూడు" అని కసురుకునే మొగుడైతే ఆ టెన్షన్‌లో ఆయన వాటా కూడా ఉంది. సెలవు దొరికితే వచ్చి సమితి ముందు కూర్చోమనండి.