సొంతంగా చేసుకున్న లైనక్స్ డబ్బా ఫోన్ అవుతుందా?

ప్రశ్న: మేడం, నేను బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. నా స్మార్ట్‌ఫోన్ స్క్రీన్ పగిలిపోయింది. కొత్తది కొనుక్కోమని నాన్నగారు పదిహేను వేలు ఇస్తానంటున్నారు. ఆ డబ్బుతో రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు), చిన్న స్క్రీన్, బ్యాటరీ కొని సొంతంగా లైనక్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) ఫోన్ చేసుకోవాలని ఉంది. రోజువారీ ఫోన్‌గా నమ్ముకోవచ్చా?
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: చెయ్యి బాబూ, తప్పకుండా చెయ్యి. కానీ అదొక్కటే ఫోన్‌గా పెట్టుకుంటానంటే మాత్రం వద్దంటాను. ముందు పాత ఫోన్‌కి స్క్రీన్ మార్పించు. మిగిలిన డబ్బుతో పని మొదలుపెట్టు.

లైనక్స్ ఎక్కించడం ఒక సాయంత్రం పని. చిక్కంతా సిమ్‌ని నెట్‌వర్క్‌తో కలిపే మోడెమ్ దగ్గరే. 2014లో డేవిడ్ హంట్ అనే ఆయన రాస్ప్‌బెర్రీ పైకి సిమ్900 అనే మోడెమ్ మాడ్యూల్ తగిలించి, 158 డాలర్ల ఖర్చుతో కాల్స్ మాట్లాడే ఫోన్ చేసి చూపించాడు. ఆ మాడ్యూల్ 2జీది. అందులో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు, జియోకి 2జీ లేదు కాబట్టి. 4జీ మాడ్యూల్ కొంటే డేటా వస్తుంది గానీ, కాల్ కలవాలంటే దాని ఫర్మ్‌వేర్‌కీ (లోపలుండే సాఫ్ట్‌వేర్‌కీ) మన నెట్‌వర్క్ వోల్టీకీ (4జీ మీద కాల్ కలిపే పద్ధతికీ) పొసగాలి. ఇక యూపీఐ యాప్‌లు ఇందులో నడుస్తాయని ఆశ పెట్టుకోకు. మెస్ బిల్లు దగ్గర ఇబ్బంది పడతావు.

నా అనుభవం చెబుతాను. రాస్ప్‌బెర్రీ పైలోనే చిన్న రకమైన జీరో 2 డబ్ల్యూ బోర్డు, మూడున్నర అంగుళాల స్క్రీన్, ఒక 18650 సెల్ (ఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ) – ఇవన్నీ ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో అమర్చాను. మూడు వారాల్లో రెండుసార్లు మెమరీ కార్డు పాడైంది. కార్డు నాసిరకమేమో అని మార్చినా అదే వరస. చివరికి ల్యాబ్ నుంచి మల్టీమీటర్ తెచ్చి 5 వోల్టుల పిన్ను మీద పెట్టాను. ఊరికే ఉన్నప్పుడు 4.9 చూపించింది. వైఫై వేసి బ్రౌజర్ తెరిచేసరికి 4.4కి జారిపోయింది. సెల్ వోల్టేజీని 5కి పెంచే బూస్టర్ బోర్డుకి, సెల్ నుంచి నేను వేసింది సన్నటి జంపర్ వైరు. దాంట్లోనే వోల్టేజీ పడిపోయి కార్డు పాడవుతోందన్నమాట. పెద్ద రాస్ప్‌బెర్రీ బోర్డులైతే వోల్టేజీ పడిపోయిందని హెచ్చరిస్తాయి, జీరో రకాలకి ఆ ఏర్పాటు లేదు. మందపాటి వైరు పొట్టిగా కోసి నేరుగా సోల్డర్ చేశాను. అప్పటినుంచి కార్డు చెడిపోలేదు.

ఛార్జింగుకి టీపీ4056 బోర్డు తీసుకుంటే, ఔట్ ప్లస్, ఔట్ మైనస్ అని విడిగా ప్యాడ్లున్నదే అడుగు. సెల్ మరీ ఖాళీ అవకుండా, షార్ట్ అయినా ప్రమాదం రాకుండా ఆపే చిప్ ఉండేది దాంట్లోనే. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి పీకిన సెల్ జోలికి వెళ్లకు. 2500 ఎంఏహెచ్ సెల్ అంటే తొమ్మిది వాట్ అవర్లు. బూస్టర్ తినేది పోగా, స్క్రీన్ వెలుగుతుంటే మూడు గంటలు వస్తే చాలు అనుకో.

మరి ఇంత శ్రమ ఎందుకంటావా? నా పాత విద్యార్థి ఒకసారి పైన్‌ఫోన్ తెచ్చి చూపించాడు. అదీ లైనక్స్ ఫోనే. వెనక మూత తీస్తే ఆరు బుల్లి స్విచ్‌లు: మోడెమ్, వైఫై, మైకు, రెండు కెమెరాలు, హెడ్‌ఫోన్. మైకు స్విచ్ గోటితో జరిపి, రికార్డింగ్ పెట్టి గట్టిగా మాట్లాడాం. తెరమీద గీత కదల్లేదు. మైకుకి అందే కరెంటే ఆగిపోతుంది మరి. జేబులో వేసుకు తిరిగే వస్తువు మీద మనకి ఆ మాత్రం అధికారం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. నీ డబ్బాకి అలాంటి స్విచ్ నువ్వే పెట్టుకోవచ్చు.

తెలుగు చదవాలనుకుంటే ఉత్త టెక్స్ట్ కన్సోల్ (అక్షరాలు మాత్రమే కనిపించే తెర) చాలదు. దాని ఫాంటులో 512 గుర్తులకి మించి పట్టవు, ఒత్తులు అమర్చడమూ దానికి రాదు. తేలికపాటి డెస్క్‌టాప్ వేసి, నోటో తెలుగు ఫాంటు పెట్టుకో.

స్క్రీన్ ఇప్పుడే కొనకు. ముందు బోర్డు, సెల్, ఛార్జర్, బూస్టర్, మల్టీమీటర్ తెచ్చుకో. వైఫై మీద ఒక గంట నడిపి, 5 వోల్టుల పిన్ను దగ్గర ఎంత చూపిస్తోందో నాకు రాయి. ఏ స్క్రీన్ కొనాలో అప్పుడు చెబుతాను.