కొకీతో అంటే ఏమిటి? ఎగ్‌నాగ్‌కూ దానికీ తేడా ఏమిటి?

కొకీతో కరీబియన్ దీవి ప్యూర్టోరికో వారి క్రిస్మస్ పానీయం. కొబ్బరిపాలు, తీపి కొబ్బరి క్రీము, కండెన్స్‌డ్ మిల్కు, తెల్ల రమ్ము కలిపి, దాల్చినచెక్క, జాజికాయ పొడి, వెనిలా వేసి మిక్సీలో తిప్పుతారు. చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించే పనే ఉండదు.

ఎగ్‌నాగ్ అంటే పాలు, గుడ్లు, చక్కెర కలిపి చేసే పానీయం, దానికి గుడ్డే ప్రాణం. కొకీతోలో చిక్కదనం ఎక్కువగా కొబ్బరిదే. పచ్చసొన వేసేవారూ ఉన్నారు, వేస్తే అది కొకీతోనే కాదని వాదించేవారూ ఉన్నారు. నా ఓటు గుడ్డు లేనిదానికే.

ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే కొబ్బరి కొవ్వు సీసా మెడ దగ్గర గడ్డకడుతుంది. పాడైందని పారబోయకండి, కాసేపు బయట పెట్టి, గట్టిగా కుదిపి, చిన్న గ్లాసుల్లో పోయండి. తియ్యదనం మాటున రమ్ము ఘాటు తెలియదు కాబట్టి రెండో గ్లాసు దగ్గర జాగ్రత్త. జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా అక్కడ అతిథి మర్యాద దీనితోనే.