పాత అంబాసిడర్ అద్దం పగిలితే: అల్లుడికో జాబు

అల్లుడికి ఆశీస్సులు.

చిత్తూరు రోడ్డులో టిప్పర్ చక్రం కింది నుంచి రాయి లేచి అంబాసిడర్ ముందద్దం పగిలిందని రాశావు. అద్దం ఊడదీయించొద్దు నాయనా, ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకో. కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూడకముందే తీసేస్తే దెబ్బకు రుజువు మిగలదు. నంబరు ప్లేటు, పగులు రెండూ కనపడేలా ఫోటోలు తీసిపెట్టుకో.

పాలసీ థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చేది) ఒక్కటే అయితే అద్దానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్, అంటే మన బండి నష్టానికి ఇచ్చేది, ఉండాల. ఆర్సీ కూడా చూసుకో. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, అది తప్పితే క్లెయిమ్‌కు అడ్డం పడతారు.

పాత బండికి ఒక మేలుంది. పదేళ్లు దాటితే ఇనుప భాగాలకు పాతబడినందుకు సగం తరుగు కోస్తారు గానీ, అద్దానికి ఎంత పాతదైనా కోత లేదు. అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగుకు మాత్రం సగమే ఇస్తారు. అందుకే బిల్లులో అద్దం, బీడింగు, కూలీ విడివిడిగా రాయించు. పైన తప్పనిసరి ఎక్సెస్, అంటే క్లెయిములో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం, పోతుంది: 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, అది దాటితే 2,000. నీది 1489 సీసీ డీజిల్ గనక వెయ్యే. 1817 సీసీ ఇసుజు ఇంజనైతే రెండు వేలు పోయేది.

ఇప్పుడు అసలు లెక్క. నీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు, ఉంది. క్లెయిమ్ చేస్తే అది సున్నా అయి, మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి రావాల. మొత్తం పోయేది ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంకు ఒకటింపావు రెట్లు. బోనస్ తీయకముందు ప్రీమియం 2,000 అనుకో, నష్టం 2,500. అద్దం 5,000, బీడింగు 800 అయితే, బీడింగులో సగం కలిపి ఎక్సెస్ వెయ్యి తీసేస్తే కంపెనీ ఇచ్చేది 4,400, అప్పుడు క్లెయిమ్ చెయ్యి. అద్దం 2,500కే దొరికితే చేతి డబ్బే పెట్టుకో.

కొత్తది ఐఎస్ఐ గుర్తున్న లామినేటెడ్ (మధ్యలో పొర ఉండి ముక్కలు రాలనివ్వని) అద్దమే అడుగు. టఫెన్డ్ అయితే దెబ్బకు మొత్తం నూకలై ఒళ్లో పడుతుంది. బిగించేముందు ఫ్రేము అంచు తుప్పు గీకించి ప్రైమర్ కొట్టించు. తుప్పు ఉబ్బి అద్దాన్ని నొక్కితే దానంతటదే పగులుతుంది, దాన్ని సర్వేయర్ అరుగుదల కింద రాసి కొట్టేస్తాడు.

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాకుంటే, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్చే అంబుడ్స్‌మన్‌కు రాయి. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

మీ మామ