నాయన చెవుడు, ఆర్మీ పెన్షన్

ప్రశ్న: మా నాయన ఆర్టిలరీల చేసి రిటైరైండు, గన్నుల మోతకు చెవులు పోయినయి, డిసెబిలిటీ పెన్షన్ అడిగితే సర్వీసుకు సంబంధం లేదని రిజెక్ట్ చేసిండ్రు. కొత్తగా ఆడియోగ్రామ్ (ఎంత వినబడుతదో చూపే గ్రాఫు) తీయించినం, అప్పీలుకు పనికొస్తదా? – ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: పనికొస్తదమ్మా, కానీ ఉత్త గ్రాఫు పెడితే చెవుడుందని తెలుస్తది గానీ ఎందుకొచ్చిందో తెల్వది, లొల్లంతా ఆడనే. గ్రాఫుల 4000 హెర్ట్జ్ (సన్నటి కీచు శబ్దం) కాడ గుంత పడ్డట్టుంటే అది మోత దెబ్బకు గుర్తు, ఈఎన్‌టీ డాక్టరుతోని ఆ ముక్క కారణంతో సహా రాయించుకోండి. భర్తీ అయిననాడు చెవులు మంచిగున్నయన్న కాగితం దొరికితే ఇంకా గట్టిది, ఎందుకంటే చేరేటప్పుడు రికార్డుల లేని రోగం సర్వీసులనే వచ్చిందనుకోవాలె, కాదంటే ఆర్మీ డాక్టర్ల మెడికల్ బోర్డే కారణాలు రాయాలె అని సుప్రీంకోర్టు 2013ల ధరంవీర్ సింగ్ కేసుల చెప్పింది. రిజెక్ట్ లెటరొచ్చిన 6 నెలల్లోపు ఫస్ట్ అప్పీలు పెట్టాలె, దాటితే లేటెందుకైందో రాయండి. ఈ పెన్షన్ రావాలంటే వైకల్యం మాత్రం 20 శాతానికి తగ్గొద్దు, బోర్డు ఎంత రాసిందో ముందుగాల అది చూడుండ్రి.