రౌండ్స్‌లో డాక్టర్‌తో పాటు అంతమంది ఎందుకు వస్తారు? రోగి మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా. వాళ్లంతా ఒకేసారి మంచం దగ్గరికి వచ్చేది ఆ రోజు ఏం చేయాలో రోగితో కలిసి తేల్చుకోవడానికే.

ఒక్కొక్కరికి తెలిసింది ఒక్కో ముక్క. రాత్రి నొప్పి ఎంత ఉందో నర్సుకు తెలుసు. ఏ మందుకు ఏది పడదో ఫార్మసిస్ట్ చూస్తారు. లేచి నాలుగడుగులు వేయగలరా లేదా అన్నది ఫిజియోథెరపిస్ట్ చెబుతారు. విడివిడిగా వచ్చి వెళ్తే ఒకరి మాటకు మరొకరి మాటకు పొంతన కుదరక ఇంట్లోవాళ్లకు టెన్షన్.

తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన నడవనంటున్నారనుకోండి. నీరసమేమో అనుకుంటారు ఫిజియో. "లేస్తే కళ్లు తిరుగుతున్నాయి" అని ఆయన నోరు విప్పగానే నర్సు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తారు. నిలబడగానే బాగా పడిపోతోందంటే ఫార్మసిస్ట్‌కు బీపీ మాత్ర మీద అనుమానం వస్తుంది, డాక్టర్ అక్కడికక్కడే డోసు మార్చగలరు. ఆయన చెప్పకపోతే ఆ మాట ఏ చార్టులోనూ దొరకదు!

ఇంతమంది వచ్చారంటే జబ్బు ముదిరిందని చాలామంది హడలిపోతారు. అది నిజం కాదు. రేపు డిశ్చార్జ్ అయ్యేవారి దగ్గరికీ ఇలాగే వస్తారు, ఇంటికెళ్లాక మందులెలా వాడాలో, ఎవరు చూసుకుంటారో మాట్లాడేది అప్పుడే. పక్క మంచం వాళ్లు వినకూడని సంగతైతే విడిగా మాట్లాడతానని అడగండి, అది మీ హక్కు.